లారీ క్యాబిన్ మార్చే ముందు: ఛాసిస్ నంబరు, ఆర్సీ, బిల్లు చూసి దారి ఎంచుకోవడం

ప్రమాదంలో ముందుభాగం నుజ్జయిన లారీని క్రేన్‌తో తెచ్చి వనస్థలిపురం ఆటోనగర్‌లో దించిన రెండు రోజుల్లోనే యజమాని చుట్టూ సలహాలు మూగుతాయి. ఉన్న క్యాబిన్‌నే టింకరింగ్ చేసి నిలబెడతానని మేస్త్రీ అంటాడు. కంపెనీ షెల్ (లోపలి సామాను లేని కొత్త ఖాళీ క్యాబిన్) తెప్పించుకోమని డీలర్ దగ్గరి సర్వీసు అడ్వైజర్ చెబుతాడు. అదే మోడల్ క్యాబిన్ అద్దాలతో సహా సిద్ధంగా ఉందని తుక్కు వ్యాపారి ఫోనుకు ఫొటోలు పంపుతాడు. ఎలాగూ మారుస్తున్నాం కాబట్టి ఈసారి స్లీపర్ క్యాబిన్ వేయిద్దామని డ్రైవరు బతిమాలుతాడు. యజమాని వీళ్లందరినీ ఎంత ఖర్చవుతుంది, ఎన్ని రోజులు పడుతుంది అని అడుగుతాడు. పని పూర్తయ్యాక బండి తన ఆర్సీకి సరిపోతుందా అన్న ప్రశ్న మాత్రం చాలామందికి ఫిట్‌నెస్ రోజున, లేదా బండి అమ్మకానికి పెట్టిన రోజున గుర్తొస్తుంది.

హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లుగా లారీల కాగితాల పని చూస్తున్నాను. క్యాబిన్ మార్పిడి వల్ల చిక్కుల్లో పడిన బండ్లలో ఎక్కువ భాగం పని బాగా జరిగినవే. వెల్డింగ్ బాగుంది, రంగు బాగుంది, డ్రైవరుకు సుఖంగా ఉంది. లేనిదల్లా ఆ క్యాబిన్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే కాగితం ఒక్కటే. అందుకే ఈ పోలికలో ధరకు రెండో స్థానం ఇచ్చి, కాగితానికి మొదటి స్థానం ఇస్తున్నాను.

## బండి గుర్తింపు ఎక్కడ ఉంటుంది

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 122వ నిబంధన ప్రకారం తయారీదారు ప్రతి బండి మీదా ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, తయారైన నెల చెరగకుండా చెక్కాలి. లారీలో ఛాసిస్ నంబరు క్యాబిన్ రేకు మీద ఉండదు. లాంగ్ మెంబర్ అని మెకానిక్‌లు పిలిచే పొడవాటి ఇనుప దూలం మీద, సాధారణంగా ముందు చక్రానికి దగ్గరలో కొట్టి ఉంటుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ చేసే రోజున ఆ చోట పేరుకున్న గ్రీజును డీజిల్ గుడ్డతో తుడిచి, పలుచని కాగితం అద్ది, పెన్సిల్‌ను వాలుగా పట్టుకుని రుద్దితే నల్లటి పూత మధ్యలో అంకెలు తెల్లగా పైకి తేలుతాయి. ఆ కాగితం ముక్కే బండికి వేలిముద్ర లాంటిది. క్యాబిన్ ఎన్నిసార్లు మారినా ఆ ముద్ర మారదు.

ఇప్పటి లారీల ఛాసిస్ నంబరులో అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 17 ఉంటాయి. వాటిలో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు రావు. ఒకటి, సున్నా అంకెలతో వాటిని పొరబడే వీలుంది కాబట్టి వాటిని ముందే పక్కన పెట్టారు. బిల్లు మీద చేత్తో రాసిన ఛాసిస్ నంబరులో ఎక్కడైనా ఇంగ్లీషు ‘ఓ’ అక్షరం కనిపిస్తే, రాసినవారు సున్నాను తప్పుగా రాశారని అర్థం. అలాంటి బిల్లును అక్కడికక్కడే సరిచేయించుకోవాలి. టాటా బండ్ల నంబరు ఎం, ఏ, టీ అక్షరాలతోనూ, అశోక్ లేలాండ్ నంబరు ఎం, బీ, ఒకటితోనూ మొదలవుతుంది. ఈ ఒక్క సంగతి తెలిసినా, తుక్కు క్యాబిన్ తలుపు లోపలి ప్లేటు మన బండి కంపెనీదేనా, వేరే కంపెనీదా అన్న మొదటి అనుమానం తీరుతుంది.

గుర్తింపు ఛాసిస్‌లోనే ఉందంటే క్యాబిన్‌కు ఆ విషయంతో సంబంధమే లేదని మాత్రం అనుకోకూడదు. రివెట్లతో బిగించిన తయారీదారు ప్లేటు చాలా మోడళ్లలో క్యాబిన్‌లోనే ఉంటుంది. హై సెక్యూరిటీ నంబరు ప్లేట్ల పద్ధతిలో ముందు అద్దం లోపల ఎడమవైపు పైన అతికించే మూడో స్టిక్కరు మీద రిజిస్ట్రేషన్ నంబరుతో పాటు ఇంజన్, ఛాసిస్ నంబర్లు కూడా ఉంటాయి. డీజిల్ బండికి అది నారింజ రంగులో ఉంటుంది. ఫాస్టాగ్ కూడా ఆ అద్దానికే అతుక్కుని ఉంటుంది. కాబట్టి పరాయి బండి క్యాబిన్‌ను అద్దంతో సహా తెచ్చి బిగిస్తే, ఒక బండి దూలం మీద మరో బండి గుర్తింపు ఊరేగుతున్నట్టవుతుంది.

అమెరికా లారీల వీడియోలు చూసి అక్కడి పద్ధతే ఇక్కడా నడుస్తుందని అనుకునేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. అక్కడ యాజమాన్యానికి టైటిల్ అనే విడి పత్రం ఉంటుంది. మనకు అలాంటి విడి పత్రం లేదు. మోటారు వాహనాల చట్టం, 1988లో యజమాని అంటే ఎవరి పేరున బండి రిజిస్టరై ఉందో వారు, కాబట్టి ఆ భారమంతా ఆర్సీయే మోస్తుంది. ఇంజన్, గేర్‌బాక్సు లేకుండా కొత్త క్యాబిన్, కొత్త ఫ్రేమ్ కలిపి గ్లైడర్ కిట్‌గా కొని, పాత ఇంజన్ బిగించుకునే అలవాటు అక్కడిది. ఆ లెక్కలు మన రవాణా కార్యాలయంలో చెల్లవు. ఒక్క విషయంలో మాత్రం రెండు దేశాలదీ ఒకటే మాట: గుర్తింపు నంబరును మార్చడం, చెరపడం నేరం. అమెరికా సమాఖ్య చట్టం దానికి ఐదేళ్ల వరకు జైలు శిక్ష విధిస్తుంది.

## ముందు తేల్చుకోవలసిన సంగతులు

అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఆర్సీలో ఏ వరుసైనా మారుతుందా అన్నది. ఆర్సీ తీసి ఎదురుగా పెట్టుకుని చదవండి. బాడీ రకం, రంగు, డ్రైవరుతో కలిపి సీట్లు, స్లీపర్ బెర్తులు, ఖాళీ బండి బరువు, మొత్తం బరువు, వీల్‌బేస్, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు వరుసగా ఉంటాయి. క్యాబిన్ మార్చాక వీటిలో ఏదీ మారకపోతే అది మరమ్మతు. ఒక్కటి మారినా చట్టంలోని 52వ సెక్షన్ గుర్తుకు రావాలి. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు ఆర్సీ వివరాలు తేడాగా ఉండేలా బండిని మార్చకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే అర్థాన్ని గట్టిగా నిలబెట్టింది. అనుమతి ఉన్న మార్పును కూడా 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేసి ఆర్సీలో ఎక్కించుకోవాలి. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

రెండో సంగతి క్యాబిన్ ఎక్కడిది అన్నది. జీఎస్టీ బిల్లు, అందులో విడిభాగం సంఖ్య, వాడిన క్యాబిన్ అయితే అది ఏ బండి నుంచి ఊడదీసిందో తెలిపే కాగితం ఉండాలి. బండి మీది ఛాసిస్ లేదా ఇంజన్ నంబరుకు, ఆర్సీలోని నంబరుకు తేడా కనిపిస్తే యజమాని వాదన విన్నాక రిజిస్ట్రేషన్ రద్దు చేయాలని 55వ సెక్షన్ అధికారికి చెబుతుంది. దూలం మీది నంబరు సరిగ్గానే ఉన్నా, క్యాబిన్‌లో మరో నంబరున్న ప్లేటు కనిపిస్తే అది దొంగ బండేమోనన్న అనుమానం సహజంగానే వస్తుంది. అప్పుడు నిజం నిరూపించుకోవలసిన భారం యజమాని నెత్తిన పడుతుంది.

ఇక బీమా ఉంటే సర్వేయర్ రాకముందు బండికి చేయి పెట్టనివ్వకూడదు. ఫైనాన్స్ ఉంటే ఆ సంస్థ రాతపూర్వక అంగీకారం లేకుండా క్యాబిన్ స్వరూపం మార్చకూడదు. హైర్ పర్చేజ్ బండి విషయంలో 52వ సెక్షనే ఇలాంటి అంగీకారాన్ని కోరుతుంది. మిగతా రుణ ఒప్పందాల్లో కూడా ఇటువంటి షరతు ఉంటుంది కాబట్టి సంతకం పెట్టిన పత్రాన్ని ఒకసారి చదివించుకోవడం మంచిది.

## ఒక్క చూపులో

| దారి | ఆర్సీలో మారేది | గుర్తింపు చిక్కు | బీమా పరంగా | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| సొంత క్యాబిన్‌కు టింకరింగ్ | రంగు మారకపోతే ఏదీ మారదు | లేదు | సులువు | దెబ్బ రేకు వరకే తగిలినవారికి |
| అదే మోడల్ కొత్త షెల్ | రంగు మారకపోతే ఏదీ మారదు | ప్లేటు, అద్దం స్టిక్కరు మాత్రమే | సులువే, తరుగు మాత్రం యజమానిదే | ఫైనాన్స్, బీమా ఉన్న బండికి |
| వాడిన క్యాబిన్ | మోడల్ తేడా ఉంటే చాలా మారతాయి | ఎక్కువ | ముందే ఒప్పించుకోవాలి | పాత బండి, పూర్తి కాగితాలు దొరికినవారికి |
| స్లీపర్ లేదా వేరే రకం క్యాబిన్ | బెర్తులు, సీట్లు, ఖాళీ బరువు | అనుమతి లేకుంటే పెద్దదే | క్లెయిమ్‌లో కలవదు | దూర ప్రయాణాల యజమానికి, అనుమతి వచ్చాకే |
| టోటల్ లాస్, తుక్కు | ఆర్సీయే రద్దవుతుంది | రద్దు చేయించకపోతే చాలా | మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటిందా చూడాలి | ఫ్రేమ్ వంగిన బండికి |

## సొంత క్యాబిన్‌ను బాగు చేయించడం

కాగితాల పరంగా ఇంతకంటే తేలిక దారి లేదు. ప్లేటు, స్టిక్కరు, నంబర్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఇక్కడ ఆలోచించవలసింది భద్రత గురించే. ముందు స్తంభాలు, క్యాబిన్ కింద అడ్డ దూలాలు, ఎత్తి దించే క్యాబిన్‌కు ముందు ఉండే మడత బిగింపులు వంగిపోయి ఉంటే, వాటిని వేడి చేసి సరిచేయడం డ్రైవరు ప్రాణంతో చేసే పందెమే. రేకు, తలుపు, బంపరు, డ్యాష్‌బోర్డు వరకే దెబ్బ తగిలితే ఈ దారినే ఎంచుకోండి. స్తంభం వంగితే ఎంచుకోకండి. తలుపు మూసినప్పుడు పైన, కింద సందు సమానంగా ఉందో లేదో అరచేయి పెట్టి చూస్తే, ఏ దారి ఎంచుకోవాలో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

## అదే మోడల్ కొత్త షెల్

నా సలహా అడిగినవారిలో ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. కంపెనీ అధీకృత డీలర్ నుంచి తెప్పించిన షెల్‌కు పాత చరిత్ర ఉండదు. బిల్లులో విడిభాగం సంఖ్య ఉంటుంది. బండి ఛాసిస్ నంబరును కూడా ఆ బిల్లులో రాయించుకుంటే, ఈ షెల్ ఈ బండికే అమ్మారని చెప్పే సాక్ష్యం పుడుతుంది. వాహన విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతమే కాబట్టి, 28 శాతం రోజుల్లో తీసుకున్న పాత కొటేషన్‌ను పట్టుకుని లెక్క వేయకండి, కొత్తది అడగండి.

బీమా లెక్కలో మాత్రం చాలామంది దెబ్బతింటారు. జీరో డిప్రిసియేషన్ లేని పాలసీలో ఇనుప భాగాలకు బండి వయసును బట్టి తరుగు కోస్తారు. మూడు నుంచి నాలుగేళ్ల బండికి 25 శాతం, నాలుగు నుంచి ఐదేళ్లకు 35 శాతం, ఐదు నుంచి పదేళ్లకు 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు వయసుతో సంబంధం లేకుండా 50 శాతం పోతుంది. అద్దాలకు తరుగు లేదు. ఆరేళ్ల లారీకి రెండు లక్షల షెల్ వేశారనుకుంటే, ఎనభై వేలు యజమాని జేబులోంచి పోతాయి. దీనికి తోడు సరుకు రవాణా బండ్ల పాలసీలో లైట్లు, మడ్‌గార్డులు, బానెట్, పక్క భాగాలు, బంపర్లు, రంగు పని వంటివి ఐఎంటీ-23 అనే అదనపు షరతు తీసుకుంటే తప్ప మామూలు నష్టంలో కలవవు. క్యాబిన్ ప్రమాదాల్లో మొదట పగిలేవి ఇవే. ఈ అదనపు షరతు ఉందో లేదో పాలసీ కాగితం మీద వెతికి చూసుకున్నాకే మొత్తం ఖర్చు వేసుకోవాలి.

షెల్ ఉత్త డొల్లగా వస్తుందన్నది మరో సంగతి. వైరింగ్, మీటర్ల బోర్డు, స్టీరింగ్ కాలమ్, పెడల్స్, సీట్లు పాత క్యాబిన్ నుంచి తీసి బిగించాలి. అందువల్ల రోజులు ఎక్కువ పడతాయి. ప్లేటు విషయంలో తొందర పడకండి. పాత క్యాబిన్‌లోని ప్లేటు రివెట్లు కోసి కొత్తదానికి కొట్టమని మేస్త్రీకి చెప్పడం కంటే, డీలర్ చేత లిఖితపూర్వకంగా ఆ పని చేయించి, ముందూ తర్వాతా ఫొటోలు తీసి పెట్టుకోవడం మేలు.

## వాడిన క్యాబిన్

ఈ భాగానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది ఈ దారినే, ఎక్కువగా ఇరుక్కునేదీ ఇక్కడే.

మా బావమరిది లారీకి 2021లో ఇలాంటి క్యాబిన్ వేయించాము. కొత్త షెల్ ధరలో సగం కంటే తక్కువకు దొరికింది, రంగు కూడా కలిసింది. అమ్మినవాడు ఇచ్చింది ఒక తెల్ల చీటీ, దాని మీద మొత్తం సొమ్ము, ఒక సంతకం. నేను కాగితాల మనిషినై ఉండి కూడా ఆ రోజు ఊళ్లో లేకపోవడంతో చూసుకోలేదు. నాలుగు నెలల తర్వాత ఫిట్‌నెస్‌కు వెళ్లినప్పుడు తనిఖీ చేసే అధికారి తలుపు తీసి, పక్క స్తంభం మీద రంగు కింద ఉబ్బెత్తుగా కనిపించిన ప్లేటును గోటితో గీకారు. కింద నుంచి వేరే ఛాసిస్ నంబరు బయటపడింది. దూలం మీది నంబరు ఆర్సీకి సరిపోయినా, ఆ ప్లేటు ఏ బండిదో తేలేదాకా ఫిట్‌నెస్ ఆపేశారు. అమ్మినవాడి ఫోను కలవలేదు. ఆ క్యాబిన్ పక్క రాష్ట్రంలో ప్రమాదంలో పోయిన లారీదని, బీమా సంస్థ దాన్ని వేలంలో అమ్మిందని తెలుసుకుని, వేలం కాగితం నకలు తెప్పించేసరికి ఐదు వారాలు గడిచాయి. అన్నాళ్లూ బండి నిలబడింది, కిస్తీ నిలబడలేదు. అధికారి చేసిన పనిలో తప్పేమీ లేదు. ఆ స్థానంలో నేనున్నా ఆపేవాణ్ని.

వాడిన క్యాబిన్ కొనాలనుకుంటే ఆ క్యాబిన్ వచ్చిన బండి గురించి మూడు కాగితాలు అడగండి. మొదటిది ఆ బండి ఆర్సీ నకలు. రెండోది దాని రిజిస్ట్రేషన్ రద్దయిందని, లేదా రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రానికి అప్పగించారని చెప్పే పత్రం. 2021లో వచ్చిన తుక్కు కేంద్రాల నిబంధనల కింద అప్పగింత పత్రం ఇస్తారు కాబట్టి, అలాంటి కేంద్రం నుంచి కొంటే ఈ కాగితం అడగడానికి మొహమాట పడవలసిన పని లేదు. మూడోది జీఎస్టీ బిల్లు, అందులో ఆ బండి రిజిస్ట్రేషన్ నంబరు, ఛాసిస్ నంబరు, మన బండి నంబరు కూడా ఉండాలి. ఆ నంబర్లను జాతీయ నేర నమోదు సంస్థ నడిపే చోరీ వాహనాల వెతుకులాటలో వేసి చూసుకోవాలి. దొంగ సొత్తని తెలిసీ, లేదా అనుమానించడానికి కారణం ఉండీ తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరమని గుర్తుంచుకోండి. తక్కువ ధర, తెల్ల చీటీ కలిసి వచ్చినప్పుడు, అనుమానించడానికి కారణం లేదని చెప్పుకోవడం కష్టం.

హైదరాబాద్‌లో దొరికే క్యాబిన్లు ఒక్క తెలంగాణ బండ్లవే కావు. ఏపీ నంబర్ల రోజుల బండ్లు, 2014 తర్వాతి టీఎస్ బండ్లు, 2024 మార్చి నుంచి వస్తున్న టీజీ బండ్లు, మహారాష్ట్ర, కర్ణాటక బండ్లు అన్నీ ఉంటాయి. బండి రిజిస్ట్రేషన్ ఏ రాష్ట్రంలో ఉంటే రద్దు పత్రం ఆ రాష్ట్ర కార్యాలయానిది కావాలి. రాణిగంజ్‌లోనో, ఆటోనగర్‌లోనో దుకాణం ఉన్నంత మాత్రాన కాగితం ఇక్కడిదై ఉండాలని లేదు.

సాంకేతికంగా కూడా తేడాలున్నాయి. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. బయటికి ఒకేలా కనిపించే క్యాబిన్లలో లోపలి వైరింగ్, ఫ్యూజు పెట్టె, మీటర్ల బోర్డు వేరువేరుగా ఉంటాయి. బీఎస్-4 క్యాబిన్‌ను బీఎస్-6 బండికి బిగిస్తే డీఈఎఫ్ (పొగను శుభ్రపరిచే యూరియా ద్రవం) మట్టం చూపే ముల్లు దగ్గర నుంచి హెచ్చరిక లైట్ల దాకా తిప్పలే. కాబట్టి వాడిన క్యాబిన్‌ను డొల్లగానే కొని, సొంత వైరింగ్‌ను అందులోకి మార్చుకోవడం మంచిది. మీటర్ల బోర్డు మారితే కిలోమీటర్ల లెక్క కూడా మారిపోతుందని, బండి అమ్మేటప్పుడు అది ఇంకో ప్రశ్నగా తిరిగి వస్తుందని చాలామందికి తట్టదు.

పరాయి ప్లేటును, అద్దం మీది పరాయి స్టిక్కరును ఊడదీయకుండా క్యాబిన్‌ను బండి మీదికి ఎక్కనివ్వకండి. ఊడదీసేది అమ్మినవాడి ఎదుట, ఫొటో తీసి, బిల్లు మీదే ఆ విషయం రాయించి సంతకం తీసుకుని జరగాలి. రంగు కింద కప్పెట్టడం అన్నిటికంటే చెడ్డ ఉపాయం.

## స్లీపర్ క్యాబిన్, లేదా స్థానికంగా కట్టించిన క్యాబిన్

నాగపూర్, ముంబై దారుల్లో తిరిగే డ్రైవరు పడుకోవడానికి చోటు కోరడం న్యాయమే. ఆ కోరికను నేను తేలిగ్గా తీసుకోను. అయితే ఇది మరమ్మతు కాదు, మార్పు. స్లీపర్ బెర్తు, ఖాళీ బండి బరువు, కొన్నిసార్లు సీట్ల సంఖ్య కూడా మారతాయి. మొత్తం బరువు పరిమితి మాత్రం పెరగదు. పది చక్రాల బండికి మొత్తం బరువు 28,500 కిలోలు అనుకుంటే, క్యాబిన్ 300 కిలోలు బరువెక్కినప్పుడు ఆ 300 కిలోల సరుకు ప్రతి ట్రిప్పులో తగ్గుతుంది. సిమెంటు, ఇసుక, ధాన్యం తోలేవారికి ఇది ఏడాదికి పెద్ద మొత్తమే. పార్సిల్ తోలేవారికి బరువు కంటే చోటు ముందు నిండుతుంది కాబట్టి వారికి ఈ నష్టం పెద్దగా తెలియదు.

అదే మోడల్‌కు తయారీదారు స్వయంగా ఇచ్చే స్లీపర్ రూపం ఉంటే అనుమతికి కొంత ఆధారం ఉంటుంది. ముందే రిజిస్టరింగ్ అధికారికి దరఖాస్తు పెట్టి, రాతపూర్వక జవాబు వచ్చాకే పని మొదలుపెట్టాలి. క్యాబిన్ బిగించాక వెళ్లి అడగడం వరస తప్పిన పని. విజయవాడ ఆటోనగర్‌లోనో, ఇక్కడి షెడ్లలోనో కట్టించిన క్యాబిన్ ఎంత గట్టిగా ఉన్నా, ఇప్పటికే ఫ్యాక్టరీ క్యాబిన్‌తో రిజిస్టరైన బండి మీద దాన్ని పెట్టడానికి నేను ఎవరికీ సలహా ఇవ్వను. కౌల్ ఛాసిస్‌గా (క్యాబిన్, బాడీ లేని ఛాసిస్‌గా) కొని బాడీ కట్టించుకున్న పాత బండి సంగతి కొంత వేరు. అక్కడ బాడీ కట్టినవారు ఇచ్చిన ఫారం 22-ఏ రెండో భాగం ఫైలులో ఉంటుంది. కొత్త క్యాబిన్ వివరాలు దానితో సరిపోతున్నాయో లేదో చూసుకోవాలి.

ఏసీ క్యాబిన్ గురించి ఒక మాట. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 వర్గాల (మొత్తం బరువు 3.5 టన్నులు దాటిన) సరుకు బండ్లకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి. అంతకు ముందు తయారైన లారీ యజమానులు ఆ తేదీ చూసి క్యాబిన్ మార్చుకోవలసిన అవసరం లేదు.

## ఫ్రేమ్ కూడా వంగితే

దూలం వంగినా, నంబరు కొట్టిన చోటే చీలినా క్యాబిన్ ప్రశ్న రెండోదైపోతుంది. మరమ్మతు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన బండి బీమా విలువలో) 75 శాతం దాటితే బీమా పరంగా టోటల్ లాస్ లెక్కలోకి వస్తుంది. ఐడీవీ 12 లక్షలైతే గీత 9 లక్షల దగ్గర ఉంటుంది. గీతకు దగ్గరలో ఉన్న ఎస్టిమేటును ఎక్కించమనో దించమనో గ్యారేజీ మీద ఒత్తిడి తేవద్దు. నిజమైన ఎస్టిమేటుతోనే నిర్ణయించుకోండి. బండి మళ్లీ వాడకానికి పనికిరాదని తేలితే 55వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేసి ఆర్సీ రద్దు చేయించుకోవాలి. అది చేయకుండా తుక్కు అమ్మితే, ఆ ఆర్సీని, ఛాసిస్ నంబరు ఉన్న ముక్కను ఇంకో బండికి తగిలించేవారి చేతికి మనమే అందించినట్టు. చట్టం దృష్టిలో రిజిస్టరైన యజమానే యజమాని. 2018లో సుప్రీంకోర్టు ఒక ప్రమాద కేసులో ఇదే చెప్పింది.

ఫ్రేమ్ మార్చి పాత నంబరును కొత్త దూలం మీద కొట్టిస్తామని ఎవరైనా అంటే, రవాణా అధికారి ముందస్తు అనుమతి, తయారీదారు డీలర్ ప్రమేయం రెండూ లేకుండా ఒప్పుకోవద్దు. ఈ పని షెడ్డులో జరిగేది కాదు.

## ఎవరికి ఏది

ఒకే లారీ ఉండి, దాని మీద ఫైనాన్స్, పూర్తి బీమా ఉన్న యజమానికి కొత్త షెల్ తప్ప ఇంకొకటి చెప్పలేను. తరుగు రూపంలో పోయే సొమ్ము బాధ కలిగిస్తుంది, కానీ ఐదు వారాలు నిలబడ్డ బండి అంతకంటే ఎక్కువ తింటుంది.

పదేళ్లు దాటిన, అప్పు తీరిన, నగరం చుట్టూ తిరిగే బండికి వాడిన క్యాబిన్ న్యాయమైన ఎంపికే, కాగితాలు మూడూ దొరికితే. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కాబట్టి, దొరకని కాగితం ఏటా అదే ప్రశ్నగా ఎదురవుతుంది. కాగితం లేకపోతే టింకరింగ్ వైపే వెళ్లండి.

రెండేళ్లలో బండి అమ్మాలనుకునేవారు స్లీపర్ జోలికి పోకపోవడం మంచిది. కొనేవాడు ముందు ఆర్సీ చూస్తాడు, తర్వాత బండి చూస్తాడు, రెండింటికీ తేడా కనిపిస్తే బేరం అక్కడే ఆగుతుంది. ఐదారు లారీలు ఉండి, పాడైన సొంత లారీ క్యాబిన్‌ను ఇంకో సొంత లారీకి మార్చుకునేవారు కూడా రెండూ మనవే కదా అని కాగితం వదలకూడదు. ఏ బండి నుంచి ఏ బండికి, ఏ తేదీన మార్చారో లెటర్‌హెడ్ మీద రాసి, పాత బండి రద్దు పత్రం జతచేసి ఫైలులో ఉంచాలి.

## పని జరిగే రోజుల్లో

బండిని గ్యారేజీలో దించిన రోజే దూలం మీది నంబరుకు పెన్సిల్ ముద్ర తీసి, తేదీ వేసి పెట్టుకోండి. రంగు వేసేటప్పుడు ఆ చోట పెయింటు పడకుండా గ్రీజు రాసి కాగితం అంటించమని పెయింటరుకు మీరే చెప్పండి, ఎందుకంటే అంకెల గాడులు రంగుతో నిండిపోతే ముద్ర సరిగా రాదు. పాత రంగే వేయించడం మంచిది. రంగు మార్చక తప్పకపోతే ఆర్సీలో ఆ వరుస కూడా సరిచేయించుకోవాలి.

పని అయ్యాక ఆర్సీలో ఏదీ మారకపోయినా, క్యాబిన్ మార్చిన సంగతిని ఒక పేజీ ఉత్తరంగా రాసి, బిల్లు నకలు జతచేసి మీ రిజిస్టరింగ్ కార్యాలయంలో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోమని నేను అందరికీ చెబుతాను. చట్టం దీన్ని అడగదు, ఫిట్‌నెస్ రోజున ఆ ముద్ర ఉన్న కాగితమే మాట్లాడుతుంది. బీమా సంస్థకూ ఒక ప్రతి పంపండి. ముందు అద్దం మారితే పాత ఫాస్టాగ్ ఊడదీసి మళ్లీ అతికిస్తే పనిచేయదు, బ్యాంకును అడిగి కొత్తది తెప్పించుకోవాలి. అద్దం లోపలి మూడో స్టిక్కరు కూడా నంబరు ప్లేట్లు ఇచ్చిన డీలర్ ద్వారా తిరిగి తీసుకోవాలి. ఈ రెండూ అతికించేదాకా బండిని ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించకండి.